గడ్డి కోత బండికి ఇంట్లో చేసుకునే చక్రాల బరువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో రాజోలు వైపు. కొబ్బరి తోట చూసుకుంటూ ఇంటి పక్కనే చిన్న వెల్డింగ్ షెడ్డు నడుపుతున్నాను. కూర్చుని నడిపే గడ్డి కోత బండ్లు, అదే రైడింగ్ మోవర్లు, మన తోటల్లోకీ కాలేజీ గ్రౌండ్లలోకీ రిసార్టుల్లోకీ వచ్చాక, తొలకరి పడి నేల నానిందంటే చాలు, ఒకటే ఫోను: "చక్రం గిర్రున తిరుగుతోందండి, బండి మాత్రం అంగుళం కదలట్లేదు." వెనక చక్రాలకు బరువులు బిగించుకోవడం గురించి అడిగినవాళ్ళకు చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## బరువు కట్టే ముందు

ఇంజను గట్టిగా అరుస్తోంది, బండి కదలడం లేదు. బరువు కడితే కదులుతుందా?

ముందు పక్కన ఒక మనిషిని నిలబెట్టి వెనక చక్రాలు చూడమనండి. చక్రం తిరుగుతూ గడ్డి చీల్చి బురద చిమ్ముతుంటే టైరుకు పట్టు చాలడం లేదని అర్థం, అప్పుడు బరువు పనికొస్తుంది. చక్రం ఆగిపోయి ఇంజను ఒక్కటే అరుస్తుంటే తప్పు టైరుది కాదు. బెల్టు జారుతోంది, లేదా హైడ్రోస్టాటిక్ గేరుబాక్సు (నూనె ఒత్తిడితో చక్రాలను తిప్పేది) వేడెక్కి బలం వదిలేస్తోంది. అలాంటి బండికి బరువు కడితే జబ్బు ముదురుతుంది. గేరుబాక్సు మీది ఫ్యాను చుట్టూ ఎండుగడ్డి దిమ్మకట్టి ఉంటుంది, ఇంజను ఆపి అది శుభ్రం చేయండి. తర్వాత బెల్టు బిగువు చూడండి. నా దగ్గరకు బరువుల కోసం వచ్చిన బండ్లలో కొన్ని కొత్త బెల్టుతోనే బాగుపడి వెళ్ళాయి.

బరువు పెడితే పట్టు ఎందుకు పెరుగుతుంది?

టైరు నేలను ఎంత నొక్కితే అంత పట్టు. బండి 200 కిలోలు, నడిపే మనిషి 70 కిలోలు అనుకుందాం. అందులో 180 కిలోల దాకా వెనక చక్రాల మీద పడుతుంది. రెండు చక్రాలకూ కలిపి 40 కిలోలు కడితే నేల మీద ఒత్తిడి 22 శాతం పెరుగుతుంది, లాగే బలమూ దాదాపు అంతే పెరుగుతుంది. సీటు వెనక ఇసుక మూట వేసినా బరువు పెరుగుతుంది గానీ అది చాసిస్ మీదా ఇరుసు బేరింగుల మీదా పడుతుంది. చక్రానికే కట్టిన బరువు టైరు మీదుగా తిన్నగా నేలకు దిగుతుంది. చక్రాల బరువుల గొప్పతనం అక్కడే ఉంది.

ఖర్చు లేకుండా ముందు చేసి చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఉంది: గాలి. చాలా రైడింగ్ మోవర్లకు వెనక టైర్లలో 10 నుంచి 12 పీఎస్ఐ గాలి చాలు, సరైన అంకె టైరు పక్కన గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది. పంక్చరు షాపులో మోటారు సైకిలు అలవాటు కొద్దీ 30 కొట్టేస్తారు. అప్పుడు టైరు బుడగలా ఉబ్బి మధ్య పట్టీ ఒక్కటే నేలకు తగులుతుంది. తక్కువ ఒత్తిడి చూపించే గేజి ఒకటి కొనుక్కుని మీరే చూసుకోండి. రెండు పక్కలా ఒకే గాలి ఉండాలి. టైరు అచ్చులు అరిగి నున్నబడితే మాత్రం కొత్త టైరు వేయాల్సిందే, ఎంత బరువు కట్టినా జారుడు పోదు.

మా తోట నల్ల బంకమట్టి, మా బావగారి తోట సముద్రం వైపు ఇసుక. ఇద్దరికీ ఒకటే లెక్కా?

కాదండి. మన డెల్టాలో పది మైళ్ళు తిరిగితే మూడు రకాల నేలలు తగులుతాయి.

నడి కోనసీమ బంకమట్టిలో పైన అంగుళం పొర నాని సబ్బులా జారుతుంది, కింద గట్టిగానే ఉంటుంది. ఇక్కడ బరువు బాగా పనిచేస్తుంది. టైరు ఆ పొరను చీల్చుకుని కింద గట్టి నేలను పట్టుకుంటుంది. అదే కాలువలు నిండుగా పారుతూ ఊట పైకొచ్చిన రోజుల్లో, మడమతో నొక్కితే నీళ్ళు ఊరేంత తడి ఉంటే, బరువు బండిని ఇంకా దింపేస్తుంది. ఆ రోజు కోత మానుకోవడమే మంచిది.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో బరువుతో వచ్చే లాభం తక్కువ. పొడి ఇసుకలో బరువు పెరిగినకొద్దీ చక్రం గుంట తవ్వుకుంటుంది. అక్కడ వెడల్పు టైరు వేసుకుని, గాలి మాన్యువల్ ఒప్పుకున్నంత తక్కువకు దించుకుంటే మేలు. మీ బావగారికి ముందు అదే చెప్పండి.

లంకల్లో ఒండ్రు ఈ రెండిటికీ మధ్యరకం. వరద తీసిన కొత్తలో పైకి ఎండి పెచ్చుకట్టినట్టు కనిపించినా లోపల ఊబిలా ఉంటుంది. కర్ర గుచ్చి చూడకుండా బండి దింపకండి.

ఒక్కో చక్రానికి ఎన్ని కిలోలు కట్టాలి?

8 అంగుళాల రిమ్ముకు 10 నుంచి 15 కిలోలు, 12 అంగుళాల రిమ్ముకు 20 నుంచి 25 కిలోలు. నేను చేసేది ఈ లెక్కలోనే. మాన్యువల్‌లో ఇంతకన్నా తక్కువ హద్దు రాసి ఉంటే దానికే కట్టుబడండి. ముందు తక్కువతో మొదలుపెట్టి రెండు కోతలు చూసి, చాలకపోతే ఇంకో బిళ్ళ కలపండి.

నాది హైడ్రోస్టాటిక్. బరువు కడితే గేరుబాక్సు పోతుందంటున్నారు, నిజమేనా?

సగం నిజం. ఇన్నాళ్ళూ బరువైన పని పడినప్పుడల్లా చక్రం జారిపోయి గేరుబాక్సును కాపాడింది, ఇంట్లో ఫ్యూజు పోయి వైరింగు మిగిలినట్టు. పట్టు పెరిగాక ఆ లోడంతా లోపలి పంపు మీదికి పోతుంది, నూనె వేడెక్కుతుంది. చవక రకం బండ్లలో ఉండేవి గడ్డి కోతకు మాత్రమే చేసిన తేలిక గేరుబాక్సులు. బరువు కట్టినా గడ్డి కోతకే వాడితే ఇబ్బంది లేదు. "పట్టు వచ్చింది కదా" అని వెనక ట్రాలీ తగిలించి కొబ్బరికాయలు, పచ్చి మట్టలు లాగించారంటే ఒక్క సీజన్లో బండి గుంజడం మానేస్తుంది.

## ఏ సరుకుతో చేయాలి

సిమెంటా, ఇనుమా, ఇసుకా? ఏది మేలు?

రిమ్ములో చోటు ఎంతుందో దాన్నిబట్టి. లీటరు చోటులో పొడి ఇసుక 1.6 కిలోలు, కాంక్రీటు 2.4 కిలోలు, ఇనుము 7.8 కిలోలు పడుతుంది. 12 అంగుళాల రిమ్ముకు చోటు బాగా ఉంటుంది. 30 సెంటీమీటర్ల అడ్డం, 12 సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు దిమ్మ 20 కిలోలు తూగుతుంది, ఇనుము అవసరమే రాదు. 8 అంగుళాల రిమ్ములో అలా కుదరదు. 19 సెంటీమీటర్ల దిమ్మను 10 సెంటీమీటర్ల మందంతో పోస్తే 6.8 కిలోలే. అదే అడ్డంతో 25 మిల్లీమీటర్ల ఇనుప పళ్ళెం ఒక్కటే 5.5 కిలోలు ఉంటుంది. రెండు పళ్ళేలు పేర్చితే 11 కిలోలు అవుతుంది, మందం 5 సెంటీమీటర్లే. అందుకని చిన్న రిమ్ముకు ఇనుము, పెద్ద రిమ్ముకు సిమెంటు.

ఇసుక మూటలు చక్రానికి కట్టొద్దు. తిరిగేటప్పుడు ఇసుక లోపల జరుగుతుంది, గోనె నాలుగు రోజులకే చిరుగుతుంది.

పాత ఇనుము కొట్లో ఏం వెతకాలి?

గుండ్రంగా, మధ్యలో బెజ్జం ఉన్నది ఏదైనా. మూతబడిన రైస్ మిల్లుల నుంచి పోత ఇనుము పుల్లీలు వస్తుంటాయి, చిన్నవాటిని లేత్ మీద అంచు తీయిస్తే రిమ్ములో సరిగ్గా కూర్చుంటాయి. వ్యాయామశాలల పాత ఇనుప బిళ్ళలు అన్నిటికన్నా సుళువు: 5 కిలోలు, 10 కిలోలు అని అచ్చు వేసే ఉంటుంది, మధ్య బెజ్జం తయారుగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక మూలపడిన తూకం రాళ్ళు కూడా కొందరు తెస్తున్నారు గానీ అవి గుండ్రంగా ఉండవు, మధ్యకు నిలపడం కష్టం.

ఒకటి గుర్తుంచుకోండి, పోత ఇనుముకు మామూలు వెల్డింగ్ నిలవదు, చల్లారేటప్పుడు చిట్లుతుంది. దానికి బెజ్జం వేసి బోల్టే బిగించాలి.

పాత బ్యాటరీల సీసం కరిగించి పోసుకుంటే చిన్న చోటులో ఎక్కువ బరువు వస్తుంది కదా?

వస్తుంది, లీటరుకు 11 కిలోల పైనే. అయినా వద్దు. ఆ పొగ, ఆ బూడిద విషం. పెరట్లో కరిగిస్తే ఇంట్లో పిల్లల ఒంట్లోకి చేరుతుంది, బ్యాటరీలో మిగిలిన యాసిడ్ చేతులు కాలుస్తుంది. నా షెడ్డులో ఎవరు అడిగినా చేయను.

టైర్లో నీళ్ళు నింపితే సరిపోదా? ఇంత తతంగం ఎందుకు?

సరిపోవచ్చు, మన ప్రాంతంలో అది మంచి దారే. చలి దేశాల్లో నీళ్ళు గడ్డకడతాయని కాల్షియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు, అది రిమ్మును తినేస్తుంది. గోదావరి గట్టున ఆ బెంగ లేదు, మామూలు మంచినీళ్ళు చాలు. వాల్వు పైకి ఉండేలా చక్రాన్ని తిప్పి, ఆ ఎత్తు వరకే నింపి, మిగతా చోటు గాలికి వదలాలి. అంటే ముప్పాతిక వంతు. లీటరుకు కిలో చొప్పున బరువు వస్తుంది. ట్యూబు వేసి నింపండి, ట్యూబు లేకుండా పోస్తే రిమ్ము లోపలినుంచి తుప్పు పడుతుంది. ఉప్పునీటి బోరు నీళ్ళు అసలు పోయొద్దు.

చిక్కంతా పంక్చరు పడినప్పుడే. తోటలో ముళ్ళు, తాటి మట్టల రంపాలు ఉంటాయి. నీళ్ళు నిండిన చక్రాన్ని ఊడదీసి పంక్చరు వేయించడం ఒక పూట పని. పైగా బోల్టు విప్పి బరువు తీసినంత తేలిగ్గా నీళ్ళు తీయలేం.

## పోత పోసేటప్పుడు

అచ్చుకు ఏం వాడాలి, కొలత ఎలా తీసుకోవాలి?

చక్రాన్ని బయటివైపు పైకి ఉండేలా నేల మీద పడుకోబెట్టి, రిమ్ము లోపలి గుంట అడ్డం కొలవండి. అందులో ఒక సెంటీమీటరు తగ్గించుకోండి, దిమ్మ సందు లేకుండా ఇరుక్కుంటే మళ్ళీ రాదు. 8 అంగుళాల రిమ్ముకు తక్కువ బరువు చాలనుకుని సిమెంటే పోస్తే, బోర్లకు వాడే 200 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క కుదురుతుంది. పెద్దదానికి ప్లాస్టిక్ బేసిను. లోపల పాత ఇంజను ఆయిలు పల్చగా రాస్తే దిమ్మ విడివడుతుంది.

మధ్యలో 50 మిల్లీమీటర్ల పైపు ముక్క నిలబెట్టి పోయండి. ఇది చాలామంది వదిలేస్తారు. చిన్న బండ్లలో చక్రం ఇరుసు చివర ఒక క్లిప్పుతో ఆగుతుంది. మధ్యలో దారి లేకపోతే పంక్చరు పడిన ప్రతిసారీ ముందు దిమ్మ విప్పాలి, ఆ తర్వాతే చక్రం.

బోల్టులు నిలిచే చోట మూడు సన్నని పైపు ముక్కలు సమాన దూరంలో పెట్టండి. కాగితం మీద రిమ్ము బొమ్మ గీసి, అట్టముక్క కత్తిరించి, ఆ అట్ట ప్రకారమే రెండు దిమ్మలూ పోయండి.

సిమెంటు, ఇసుక, చిప్స్ (సన్న కంకర) ఎంతెంత కలపాలి?

ఒక డబ్బా సిమెంటు, డబ్బాన్నర ఇసుక, మూడు డబ్బాల బేబీ చిప్స్. శ్లాబుకు వేసే పాళ్ళే. నీళ్ళు కిలో సిమెంటుకు అర లీటరుకు మించకూడదు. పలచగా ఉంటే పోయడం సుఖమే, ఎండాక మాత్రం అంచులు రాలిపోతాయి. చిన్న రిమ్ముల జతకు రెండున్నర కిలోల సిమెంటు చాలు, ఊళ్ళో ఎక్కడైనా ఇల్లు కడుతుంటే మేస్త్రిని అడిగినా ఇస్తాడు. పోశాక అచ్చును సుత్తితో చుట్టూ తడుతూ ఉండండి, గాలి బుడగలు పైకొచ్చి పగులుతాయి. బుడగలు ఆగేదాకా తట్టాలి.

మాకు సముద్రపు ఇసుక ఇంటి ముందే ఉంది. అది వాడొచ్చా?

వద్దు. నా మొదటి జత అలాగే పోశాను. బంధువుల ఊరు నుంచి రెండు బస్తాల తెల్లటి ఇసుక తెచ్చుకున్నాను, చూడ్డానికి చక్కగా, సన్నగా ఉంది. మొదటి ఏడాది ఏ తేడా లేదు. రెండో వానాకాలంలో ఒక రోజు కడుగుతుంటే బోల్టు పక్కనుంచి ఎర్రటి చార కారింది. వేలితో గోకితే వెంట్రుక మందం పగులు కనిపించింది. పది రోజుల్లో ఆ పగులు అంచుదాకా పాకి, అరచేయంత పెచ్చు ఊడి టైరుకూ దిమ్మకూ మధ్య పడింది. వాల్వు దాని పక్కనే ఉంది, అదృష్టం కొద్దీ తెగలేదు. పగలగొట్టి చూస్తే లోపలి ఇనుము పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. ఉప్పు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలంటుంది, ఆ ఒత్తిడికి సిమెంటు చీలుతుంది. గోదావరి ఇసుకే వాడండి, కలిపే నీళ్ళు కూడా ఉప్పు లేనివే.

దిమ్మలో ఇనుప ముక్కలు వేస్తే ఎంత పెరుగుతుంది?

అనుకున్నంత కాదు. 2 కిలోల ఊచ ముక్కలు వేస్తే అవి పావు లీటరు చోటు తీసుకుంటాయి, అంటే 600 గ్రాముల కాంక్రీటు బయటికి పోతుంది. నికరంగా పెరిగేది 1.4 కిలోలు. అయినా ఊచ ముక్కలు దిమ్మ చీలకుండా పట్టి ఉంచుతాయి కాబట్టి వేయడం మంచిదే. ఒక పక్కకే పోగుపడకుండా చుట్టూ సమంగా పేర్చి, అంచుకు అంగుళం లోపల ఉంచండి. రెండు దిమ్మలకూ ముక్కలు తూచి వేయండి.

పోసిన ఎన్ని రోజులకు బిగించొచ్చు?

మర్నాడు అచ్చు తీయొచ్చు. తర్వాత తడి గోనె కప్పి వారం పాటు రోజూ తడపాలి, లేదా నీళ్ళ తొట్టిలో ముంచేయండి. పూర్తి బలం రావడానికి 28 రోజులు. మే నెల మొదట్లో పోస్తే తొలకరికి తయారుగా ఉంటాయి.

## బిగించేటప్పుడు

రిమ్ముకు బెజ్జం వేస్తే గాలి పోతుందా?

ఎక్కడ వేస్తారన్నదాన్నిబట్టి. గాలి ఉండేది టైరుకూ రిమ్ము చుట్టుకూ మధ్య. చక్రం నడిమి పళ్ళెం వెనక గాలి ఉండదు, అక్కడ బెజ్జం వేస్తే ఏమీ కాదు. టైరు కూర్చున్న చుట్టుకు మాత్రం డ్రిల్లు తగలకూడదు. చక్రం ఊడదీసి, గాలి తీసి, వెనక నుంచి చూసుకుంటూ వేయండి. చాలా రిమ్ములకు కంపెనీవాళ్ళే పళ్ళెంలో బెజ్జాలు ఇస్తారు, ముందు వాటిని వెతకండి.

12 మిల్లీమీటర్ల బోల్టులు మూడు, తల మీద 8.8 అని గుర్తు ఉన్నవి. వెనక పెద్ద వాషరు, పైన నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు. మొదటి గంట నడిపాక మళ్ళీ బిగించాలి, బిగుసుకున్నట్టు కనిపించినా సరే.

బోల్టుల గొడవ లేకుండా రిమ్ముకే వెల్డింగ్ కొట్టేయొచ్చు కదా?

టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగ్ పెట్టకండి, ఎవరినీ పెట్టనివ్వకండి. వేడికి లోపలి రబ్బరు ఉడికి, మండే వాయువు పుడుతుంది. టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేస్తే చాలనుకుంటారు, చాలదు. ఇలాంటి పేలుళ్ళలో ప్రాణాలు పోయాయి. వెల్డింగ్ తప్పదనుకుంటే టైరు పూర్తిగా ఊడదీసి, చల్లారాకే ఎక్కించాలి. ఇన్ని బరువులు చేసినా రిమ్ముకు వెల్డింగ్ అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

ఎడమ చక్రమే జారుతోంది. దానికి ఒక్కదానికే కట్టొచ్చా?

రెండిటికీ సమంగా కట్టాలి. ఈ బండ్లలో ఉండేది మామూలు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె), పట్టు తక్కువ ఉన్న చక్రానికే తిరుగుడు పోతుంది. ఈ రోజు ఎడమది తడిలో ఉంది, వెనక్కి తిప్పుకుని వచ్చేటప్పుడు కుడిది తడిలో పడుతుంది. ఒక పక్కే బరువైతే బ్రేకు వేసినప్పుడు బండి ఆ పక్కకు లాగుతుంది కూడా. ఎప్పుడూ ఒకే చక్రం జారుతుంటే రెండు టైర్లలో గాలి తేడా ఉందేమో చూడండి.

దిమ్మ రిమ్ము దాటి బయటికి ఉండొచ్చా?

టైరు పక్కగోడ కన్నా లోపలే ఉండాలి. బయటికి వస్తే కొబ్బరి మొదలుకు గీసుకుంటుంది. చెట్టు మొదలుకు పడిన గాయం మానదు, అందులోంచి జిగురు కారి ఎర్రముక్కు పురుగు చేరుతుంది.

## నడిపేటప్పుడు

బరువులు కట్టాక చెరువు గట్టు వాలు మీద ధైర్యంగా నడపొచ్చా?

నడపకండి. ఈ ప్రశ్నకు జవాబు రాయడానికే ఈ పేజీ మొదలుపెట్టాను అనుకోండి.

బరువు బండిని ముందుకు లాగడానికి సాయపడుతుంది. గట్టు అంచు విరిగితే ఆపలేదు. రొయ్యల చెరువు గట్లు, కాలువ గట్లు నీటి వైపు లోపల తొలిచి ఉంటాయి. పైన గడ్డి కప్పి బాగానే కనిపిస్తుంది, రెండు వందల కిలోల బండి చక్రం పడగానే పెళ్ళ విరుగుతుంది. బండి కింద మనిషి, ఆ పైన నీళ్ళు. నీటి అంచుకు కనీసం రెండు బండ్ల వెడల్పు దూరం ఉంచండి, ఆ మిగిలిన పట్టీని భుజాన వేసుకునే బ్రష్ కట్టరుతోనో కొడవలితోనో కోయించండి. వాలు 15 డిగ్రీలు దాటితే ఈ బండి పనికిరాదు. అంతకన్నా తక్కువ వాలులో పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా కాదు. బరువుల వల్ల దిగేటప్పుడు బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, వేగం ముందే తగ్గించుకోండి.

బరువులు కట్టాక స్టీరింగు తేలిగ్గా అయింది, ముందు చక్రాలు లేస్తున్నట్టున్నాయి. ఎందుకు?

ఇంతకుముందు బండి వాలు ఎక్కలేక వెనక చక్రం జారేది. ఇప్పుడు చక్రం పట్టుకుంటోంది, ఆ బలానికి ముందుభాగం లేస్తోంది. బరువు తగ్గించండి, లేదా ముందు బంపరుకు 10 కిలోల బరువు గట్టిగా బిగించండి. గేరు వేసి కదిలేటప్పుడు బండిని ఒక్కసారిగా ఉరికించొద్దు.

ఇంత బరువుకు చెట్ల పాదులు గట్టిపడవా?

పడతాయి, అది నిజమైన బెంగే. కొబ్బరి చెట్టు తిండి తీసుకునే వేళ్ళు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపలే ఉంటాయి. ఆ వలయంలోకి బండి పోనివ్వకండి, అక్కడ చేత్తో కోయించండి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఏడున్నర, ఎనిమిది మీటర్ల ఎడం ఉన్న తోటలో మధ్య బాట బండికి చాలినంత ఉంటుంది. ప్రతి కోతకూ ఒకే జాడలో పోకుండా అడుగు పక్కకు జరుగుతూ ఉండండి.

ఏడాదంతా ఉంచాలా, తీసేయాలా?

తీసేయండి. నేను తొలకరికి కట్టి, కార్తీకం దాటి నేల ఆరాక విప్పుతాను. ఎండాకాలం నేల గట్టిగా ఉంటుంది, అప్పుడు ఆ బరువు పెట్రోలు తాగడానికి తప్ప పనికిరాదు. విప్పాక దిమ్మ వెనక చూడండి, అక్కడ తడిగడ్డి ఇరుక్కుని రిమ్ముకు తుప్పు మొదలై ఉంటుంది. వైరు బ్రష్షుతో గోకి, రెడ్ ఆక్సైడు ఒక పూత వేసి, ఆరాక బోల్టులకు గ్రీజు రాసి ఒక డబ్బాలో వేయండి. ఎడమ దిమ్మ మీద ఎ, కుడి దిమ్మ మీద కు అని పెయింటుతో రాసుకుంటే వచ్చే జూన్‌లో బెజ్జాలు వెతుక్కునే పని ఉండదు.